పెళ్లి భోజనం మర్నాడు తీయించిన స్కానింగ్, లివర్‌లో కనబడిన కొవ్వు

కావలి నుంచి మీరు పంపిన వివరాలు చదివాను. మీ వయస్సు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఎరువుల దుకాణంలో ఉదయం నుంచి రాత్రి పది వరకు కూర్చునే పని. బంధువుల పెళ్లిలో మటన్ బిర్యానీ, చేపల పులుసు, పైన రెండు మలై కాజాలు తిన్నారు. మర్నాడు కడుపునొప్పి వస్తే స్కానింగ్ చేయించుకున్నారు. పిత్తాశయంలో రాళ్లు లేవు గానీ 'గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్' అని రాశారు. ఆనాటి నుంచి నూనె, నెయ్యి పూర్తిగా మాని నాలుగు నెలలుగా చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు. అయినా రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 190 నుంచి 260కి పెరిగాయి. మీకంటే ఎక్కువ నెయ్యి తినే మీ బావమరిదికి మాత్రం, పోలీసు సెలక్షన్ల కోసం రోజూ పరుగెత్తే ఆ 26 ఏళ్ల కుర్రవాడికి, స్కానింగ్‌లో ఏ దోషమూ లేదు. ఇది ఏమి న్యాయమని అడిగారు. వచ్చే నెల ఒంగోలులో మేనకోడలి పెళ్లి ఉంది, అక్కడ భోంచేయవచ్చా అని కూడా అడిగారు.

నెల్లూరులో 28 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ చూస్తున్నవాడిగా ముందే ఒక మాట ఒప్పుకోవాలి. వైద్యం మొదలుపెట్టిన తొలి పదేళ్లలో నేనూ ఫ్యాటీ లివర్ అని తేలిన ప్రతివారికి 'నూనె మానేయండి' అని ఒక్క వాక్యం రాసి పంపేవాడిని. వారు నిజంగానే మానేసేవారు. ఆరు నెలల తరువాత అదే బొజ్జతో, అంతకంటే ఎక్కువ ట్రైగ్లిజరైడ్లతో తిరిగి వచ్చేవారు. వారు మాట వినలేదని విసుక్కునేవాడిని. చెప్పిన మాటే సగం తప్పని గ్రహించడానికి చాలా కాలం పట్టింది. మీకు జరిగినది కూడా అదే.

మీరు తిన్న నూనె ఎటు వెళుతుందో ముందు చూడాలి, ఎందుకంటే చాలామంది ఊహించే దారి వేరు, అది నడిచే దారి వేరు. అన్నం జీర్ణమై చక్కెరగా మారినప్పుడు ఆ చక్కెర పేగుల నుంచి ఒక ప్రత్యేకమైన సిర ద్వారా నేరుగా కాలేయానికే చేరుతుంది. నూనె, నెయ్యి, మాంసపు కొవ్వు అలా వెళ్లవు. పైత్యరసం, క్లోమరసం వాటిని ముక్కలు చేసిన తరువాత పేగు గోడలోని కణాలు ఆ ముక్కలను మళ్లీ కొవ్వుగా అల్లి, కైలోమైక్రాన్లు అనే చిన్న పొట్లాలుగా కట్టి, రక్తనాళాలకు వేరుగా ఉండే లింఫ్ నాళాల్లోకి వదులుతాయి. ఆ పొట్లాలు ఛాతీ గుండా పైకి ప్రయాణించి, మెడకు ఎడమ వైపు దిగువన ఉన్న పెద్ద సిరలో రక్తంతో కలుస్తాయి. అక్కడి నుంచి గుండె, ఊపిరితిత్తులు దాటి ఒళ్లంతా తిరుగుతాయి. అంటే మన భోజనంలోని కొవ్వులో అధిక భాగం లివర్‌ను మొదట తాకనే తాకదు. కండరాలు, చర్మం కింది కొవ్వు పొరలు తమ వాటా తీసుకున్న తరువాత మిగిలినదే అక్కడికి చేరుతుంది. లివర్‌కు నేరుగా వెళ్లేది మీరు నిరపాయమని నమ్మిన చారన్నమే అన్న సంగతి వినడానికి వింతగా ఉంటుంది గానీ అదే వాస్తవం.

కొవ్వు పొట్లాలను విప్పి లోపలి సరుకు దించుకోవడానికి కండరాలలోను, కొవ్వు పొరలలోను సన్నని రక్తనాళాల గోడలకు లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ అంటుకుని ఉంటుంది. భోజనం తరువాత ఇన్సులిన్ పెరిగినప్పుడు కొవ్వు పొరలలోని ఎంజైమ్ చురుకవుతుంది. శరీరశ్రమ చేసినవారిలో కండరాలలోనిది చురుకవుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేసిన మూడు నాలుగు గంటలకు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు గరిష్ఠ స్థాయికి చేరి, ఆరోగ్యవంతులలో ఆ తరువాత కొన్ని గంటలకు మామూలు స్థాయికి దిగుతాయి. రాత్రి పొద్దుపోయి తింటే అవి రక్తంలో ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. మరొక విచిత్రం కూడా ఉంది. రాత్రి తిన్న కొవ్వులో కొంత పేగు కణాలలోనే ఆగి ఉండి, మర్నాడు ఉదయం దోసె ముక్క నోట పెట్టిన కొద్దిసేపటికే రక్తంలోకి దిగుతుంది. మీరు దుకాణం మూసి రాత్రి పదిన్నరకు అన్నం తింటానని రాశారు కనుక ఈ సంగతి మీకు పనికివస్తుంది.

దించుకోవలసిన చోట్లు ఖాళీగా లేకపోతే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. చర్మం కింది కొవ్వు కణాలు ధాన్యపు గాదెల వంటివి. వాటికి ఒక పరిమితి ఉంటుంది, ఆ పరిమితి మనిషి మనిషికీ మారుతుంది. మన దేశం వారిలో ఆ గాదెలు తొందరగా నిండుతాయని అనిపించే ఆధారాలు ఉన్నాయి. 2006లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో సన్నగా, ఆరోగ్యంగా కనబడే భారతీయ సంతతి యువకుల కాలేయాలలో కొవ్వు, అంతే బరువున్న తెల్లవారి కంటే సుమారు రెట్టింపు ఉంది. మన వారికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె) 23 దాటగానే అధిక బరువుగా లెక్కించడానికి ఇటువంటి కారణాలే ఉన్నాయి. మీ బీఎంఐ 27.6. మీ ప్యాంటు నడుము 38 అంగుళాలన్నారు, అంటే 96 సెంటీమీటర్లు పైనే. మన మగవారికి 90 దాటకూడదు. చూసేవారు మిమ్మల్ని 'కాస్త ఒళ్లు చేశాడు' అనుకుంటారే తప్ప లావుగా ఉన్నాడని అనుకోరు. గాదెలు మాత్రం నిండాయి.

నిండిన కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. మామూలుగా, భోజనం కాగానే ఇన్సులిన్ వాటికి 'నిల్వ బయటకు వదలవద్దు' అని చెబుతుంది. ఆ ఆజ్ఞ చెల్లని ఒంట్లో కొవ్వు కణాలు పగలూ రాత్రీ ఫ్యాటీ ఆమ్లాలను రక్తంలోకి కారుస్తూనే ఉంటాయి, ఆ కారినదంతా చివరకు లివర్ మీద పడుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి గుర్తు వేసిన కొవ్వులు, పోషకాలు కొన్ని రోజులు ఇచ్చి, ఆపైన వారి లివర్ ముక్కను పరీక్షించిన ఒక అమెరికా ప్రయోగం 2005లో వెలువడింది. లివర్‌లో పేరుకున్న కొవ్వులో సుమారు 59 శాతం ఇలా రక్తంలో తిరిగే ఫ్యాటీ ఆమ్లాల నుంచి, 26 శాతం చక్కెర, పిండిపదార్థాల నుంచి లివర్ తానే కొత్తగా తయారుచేసుకున్న కొవ్వు నుంచి, 15 శాతం మాత్రం ఆహారంలోని కొవ్వు నుంచి వచ్చినట్టు తేలింది. ఈ మూడు అంకెలను నేను నా గదిలో గోడకు అంటించుకున్నాను. నూనె 15 శాతమే కదా అని ధీమా పడనక్కరలేదు, ఎందుకంటే నిన్నటి నూనే నేటి కొవ్వు కణాల నిల్వ. కానీ నూనె ఒక్కటి ఆపితే లివర్ శుభ్రపడుతుందన్న లెక్క ఎందుకు తప్పుతుందో దీనితో అర్థమవుతుంది.

ఇక పెళ్లి భోజనం సంగతి. ఒక్క పూట తిన్న కొవ్వుకు లివర్ స్పందిస్తుందా అంటే, స్పందిస్తుంది. జర్మనీలో 14 మంది సన్నని, ఆరోగ్యవంతులైన యువకుల చేత ఒకే ఒక మోతాదు పామాయిల్ తాగించి పరీక్షించిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. కొన్ని గంటల్లోనే వారి కాలేయపు కొవ్వు 35 శాతం పెరిగింది, ఇన్సులిన్ పనితనం కూడా తగ్గింది. ఆ అంకె చూసి బెదిరిపోవద్దు. వారి లివర్‌లో మొదట ఉన్నది చాలా కొద్ది కొవ్వు. ఉదాహరణకు ఒక శాతం ఉన్నది 35 శాతం పెరిగితే 1.35 శాతం అవుతుంది, అంతే. ఫ్యాటీ లివర్ అనడానికి లివర్‌లో కనీసం 5 శాతం కొవ్వు ఉండాలి, మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు అది నమ్మకంగా కనబడాలంటే 20 శాతం దగ్గరకు రావాలి. అందువల్ల బిర్యానీ రాత్రికి, స్కానింగ్ ఉదయానికి మధ్య మీ లివర్ ఫ్యాటీ లివర్‌గా మారలేదు. అది ఏళ్లుగా జరుగుతున్నది. పెళ్లి భోజనం మిమ్మల్ని స్కానింగ్ గది దాకా నడిపించింది, అంతవరకు దానికి రుణపడాలి.

అయితే ఒక్క పూటకు కొద్దిగా పెరిగి మళ్లీ తగ్గేది, అటువంటి పూటలు వరుసగా వస్తే తగ్గదు. ఆ పూటలలో ఏ కొవ్వు తిన్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలాలో 39 మంది మామూలు బరువున్న యువతీ యువకులకు ఏడు వారాలు రోజూ కేకులు పెట్టారు. సగం మందికి పామాయిల్‌తో చేసినవి, సగం మందికి పొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. రెండు జట్లూ దాదాపు సమానంగా, 1.6 కిలోల చొప్పున బరువు పెరిగాయి. లివర్ కొవ్వు మాత్రం పామాయిల్ జట్టులోనే బాగా పెరిగింది. 2018లో ఫిన్లాండ్ వారు అధిక బరువున్న 38 మందికి మూడు వారాల పాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా ఇచ్చారు. అదనం సంతృప్త కొవ్వు రూపంలో ఇచ్చినప్పుడు లివర్ కొవ్వు 55 శాతం, చక్కెర రూపంలో ఇచ్చినప్పుడు 33 శాతం, అసంతృప్త కొవ్వు రూపంలో ఇచ్చినప్పుడు 15 శాతం పెరిగింది. ఇవన్నీ అవసరానికి మించి తిన్నప్పటి లెక్కలన్న సంగతి మరవకూడదు.

దీన్ని మన వంటిళ్లకు అన్వయించి చూద్దాం. పామోలిన్‌లో సంతృప్త కొవ్వు దాదాపు సగం ఉంటుంది, నెయ్యిలో సగానికి మించి ఉంటుంది, వేరుశనగ నూనెలో ఇంచుమించు ఐదో వంతు మాత్రమే. ఇంట్లో వేరుశనగ నూనె వాడుతూ, బయట బేకరీ పఫ్‌లు, రోడ్డు పక్కన కాగిన నూనెలో వేసిన బజ్జీలు తినేవారికి ఏ నూనె ఎంత పడుతున్నదో వారికే తెలియదు. చేపల పులుసు మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు, నెల్లూరు వాడినై ఉండి పెట్టుకోలేను కూడా. కొరమీనులో కొవ్వు చాలా తక్కువ. కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు చేపలలో కొవ్వు ఎక్కువే గానీ అది రక్తంలో ట్రైగ్లిజరైడ్లను తగ్గించే రకం. పులుసు మర్నాటికి బాగుంటుందని అందరికీ తెలుసు. మర్నాడు దాని పైన తేలి ఉన్న నూనెను గరిటెతో పక్కకు తీయవచ్చునని మాత్రం ఎవరూ అనుకోరు. అసలు చిక్కు ఆ పులుసు కింద కలిపే అన్నపు రాశిలో ఉంది.

ఇప్పుడు మీ నాలుగు నెలల చారన్నం. కొవ్వు తీసేసినప్పుడు ఆకలి తీరడానికి ఏదో ఒకటి పెరగాలి. మీ విషయంలో అన్నం పెరిగింది. మూడు పూటలా అన్నమే తింటున్నానని, ఆకలి ఆగక సాయంత్రం చక్కెర కాఫీతో బిస్కెట్లు కూడా తింటున్నానని మీరే రాశారు. చక్కెరను నిల్వ చేసుకోవడానికి శరీరంలో ఉన్న చోటు చిన్నది: లివర్‌లో సుమారు 100 గ్రాములు, కండరాలన్నీ కలిపి 400 గ్రాముల వరకు. రోజంతా కూర్చున్న మనిషి కండరాలు నిన్నటి నిల్వనే ఖర్చు చేయలేదు, ఇక ఈనాటి అన్నానికి చోటు ఎక్కడిస్తాయి? అప్పుడు లివర్ ఆ చక్కెరను కొవ్వుగా మార్చి, కొంత తనలో ఉంచుకుని, మిగిలినదాన్ని ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది. మీ 260 అదే. నూనె చుక్క లేని భోజనంతో రక్తంలో కొవ్వు పెరగడం వింత కాదు. సన్నగా ఉండి కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయని యువకులకు పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టి చూసినప్పుడు, కండరాలలో నిల్వ కావలసిన చక్కెర లివర్‌కు మళ్లి అక్కడ కొవ్వు తయారీ రెట్టింపుకు పైగా అయినట్టు 2007లోనే అమెరికాలో చూపించారు. లివర్ జబ్బుగా మనం పిలిచేది చాలావరకు కండరం పని చేయకపోవడంతో మొదలవుతుందని నాకు నమ్మకం కలిగింది ఆ ప్రయోగం చదివిన తరువాతే.

మీ బావమరిది రహస్యం కూడా ఇక్కడే ఉంది. కండరాలలో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. ఒకటి కండరాల కట్టల మధ్య, మటన్ ముక్కల నడుమ తెల్లని చారలుగా కనబడేది. రెండవది కండర కణాల లోపల, కంటికి కనబడని బిందువులుగా ఉండేది. కొవ్వు ఎక్కువగా తిన్నప్పుడు ఈ రెండవది కొద్ది రోజుల్లోనే పెరుగుతుంది. షుగర్ వ్యాధి ఉన్నవారి కండరాలలో ఈ బిందువులు ఎక్కువగా ఉండటం చూసి, అవే ఇన్సులిన్‌ను అడ్డుకుంటున్నాయని మొదట అనుకున్నారు. తరువాత దూరపు పరుగులు తీసే క్రీడాకారుల కండరాలను చూస్తే అక్కడా అంతే కొవ్వు ఉంది, కానీ వారిలో ఇన్సులిన్ అద్భుతంగా పని చేస్తున్నది. 2001 నుంచి దీన్ని 'క్రీడాకారుల వైరుధ్యం' అంటున్నారు. మన ప్రాంతపు చెరువులతో పోల్చితే సులువుగా తెలుస్తుంది. రెండు చెరువులలో నీటిమట్టం ఒకటే కావచ్చు. ఒకదానికి తూము తెరిచి ఉండి నీరు రోజూ పొలాలకు పారుతుంది, మరొకదానికి తూము తుప్పుపట్టి నీరు నిలిచి నాచు పడుతుంది. పరుగెత్తే కుర్రవాడి కండరంలో కొవ్వు బిందువు ఉదయం కరిగి సాయంత్రం నిండుతుంది. మీ కండరంలో అది కదలదు; కదలని కొవ్వు నుంచి పుట్టే డైఅసైల్‌గ్లిసరాల్, సెరమైడ్ వంటి పదార్థాలు ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయని ఇప్పుడు భావిస్తున్నారు. అతడు తిన్న నెయ్యి మీరు తిన్నదానికంటే మంచిదేమీ కాదు, దాన్ని ఖర్చు చేసే చోటు అతడికి ఉంది.

ఆ చోటు చేయడానికి నెలలు పట్టవు. ఇన్సులిన్ సరిగా పనిచేయని యువకుల చేత కేవలం ఒక్కసారి 45 నిమిషాల వ్యాయామం చేయించి, ఆ తరువాత పిండిపదార్థాల భోజనం పెట్టిన ప్రయోగం 2011లో వచ్చింది. కండరాలలో చక్కెర నిల్వ మూడు రెట్లకు పైగా పెరిగింది, లివర్‌లో కొత్త కొవ్వు తయారీ 30 శాతం తగ్గింది. ముందు రోజు సాయంత్రం చేసిన వ్యాయామం మర్నాటి భోజనం తరువాత రక్తంలో లేచే కొవ్వును కూడా తగ్గిస్తుంది. కాబట్టి మీ దుకాణంలో బస్తాలు మోసే పనివారిని చూసి జాలిపడే బదులు రోజుకు నాలుగు బస్తాలు మీరే సర్దండి. ఇది పరిహాసంగా అనడం లేదు, తొడలు, వీపు వంటి పెద్ద కండరాలు పని చేస్తేనే ఫలితం ఎక్కువ. నడుము నొప్పి ఉంటే మాత్రం బస్తాల జోలికి పోకుండా, ఉదయం ముప్పావు గంట చురుకుగా నడవండి.

నూనె విషయంలో పూర్తిగా మానడం కంటే కొలవడం మేలు. మీ ఇంట్లో నలుగురికి నెలకు ఆరు లీటర్ల నూనె అయ్యేదని రాశారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన మనిషికి రోజుకు 45 గ్రాములు, అంటే 400 కేలరీల పైమాట. దాన్ని మూడున్నర లీటర్లకు దించితే మనిషికి 26 గ్రాముల చొప్పున వస్తుంది, పప్పులో తాలింపు, ముద్ద మీద చెంచాడు నెయ్యి రెండూ మిగులుతాయి. అన్నాన్ని పూటకు ఒక కప్పుకు తగ్గించి, ఆ ఖాళీని పప్పు, గుడ్డు, చేప, కూరగాయలతో నింపండి. ఉదయగిరి, కనిగిరి మెట్ట ప్రాంతాల పెద్దలు తిన్న సజ్జ సంగటి, కొర్రన్నం మంచివే గానీ రెండు పళ్లేలు తింటే అవీ అన్నంతో సమానమే. చక్కెర కాఫీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఈ రోజే ఆపవచ్చు. రాత్రి భోజనాన్ని దుకాణానికే తెప్పించుకుని ఎనిమిది గంటలకు ముగించండి. లివర్ టానిక్కులు కొనవద్దు. మద్యం సంగతి మీరు ప్రస్తావించలేదు. తాగే అలవాటు ఉంటే మీ వైద్యుడికి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే పై లెక్కలన్నీ దానితో మారిపోతాయి.

బరువులో 5 శాతం, అంటే మీకు నాలుగు కిలోలు తగ్గితే లివర్ కొవ్వు గణనీయంగా తగ్గుతుంది. లివర్‌లో వాపు కూడా తగ్గాలంటే 7 నుంచి 10 శాతం, అంటే ఐదున్నర నుంచి ఎనిమిది కిలోలు తగ్గాలి. దాదాపు పూర్తిగా కొవ్వు మానవలసిన వారు కూడా ఉన్నారు: ట్రైగ్లిజరైడ్లు 1000 దాటినవారికి క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది కనుక వారికి నేను చెప్పిన చెంచాడు నెయ్యి కూడా వర్తించదు. మీరు ఆ కోవలో లేరు.

నెలనెలా స్కానింగ్ చేయించుకుని గ్రేడ్ చూసుకోవడం దండగ. ఆ గ్రేడ్ చూసేవారి కంటిని బట్టి మారుతుంది. దానికి బదులు రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగర్, లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ఆపైన ప్లేట్‌లెట్లు చూపించుకోండి. మీ వయస్సుతో కలిపి చివరి మూడింటి నుంచి ఫిబ్-4 అనే అంకె లెక్కిస్తారు, అది 1.3 కంటే తక్కువ ఉంటే లివర్‌లో ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ, ఎక్కువ ఉంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ అవసరం. ఏఎల్‌టీ మామూలుగా ఉన్నంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు. అల్ట్రాసౌండ్ ఆరు నెలల తరువాత, కనీసం నాలుగు కిలోలు తగ్గిన తరువాత చాలు.

మేనకోడలి పెళ్లికి తప్పక వెళ్లండి, తినండి. ముందు రోజు సాయంత్రం, పెళ్లి నాటి ఉదయం కలిపి గంటన్నర నడిచి ఉండండి. మాంసం కూర తింటే బిర్యానీ అన్నం తగ్గించండి, బిర్యానీ కావాలనుకుంటే మైసూరుపాకు వదిలేయండి. కొవ్వు, అన్నం, తీపి మూడూ ఒకే విస్తట్లో కలిసినప్పుడే లివర్‌కు రెండు దారులా సరుకు చేరుతుంది. వీలైతే రాత్రి విందు కాకుండా మధ్యాహ్న భోజనానికే కూర్చోండి, తిన్నాక కారెక్కి నిద్రపోకుండా అరగంట అటూ ఇటూ తిరగండి. మర్నాడు ఉదయం నూనె దోసెకు బదులు రెండు ఇడ్లీలు చాలు.